వెండిపాత్రల అడుగున నుండు ముద్రలు

పాత జమీందారీ లోగిళ్లలో గాని, పూర్వము దొరల కచ్చేరీలలో ఉద్యోగము చేసినవారి యిండ్లలో గాని ఇనుపపెట్టె తెఱచి చూచినచో, మన చెంబులు, కంచములు, పన్నీరుబుడ్లు, గంధపుగిన్నెల నడుమ ఒక్కొక్కప్పుడు సీమపని గరిటెయో, తేనీటి కూజాయో, పొట్టికాళ్ల పళ్లెమో కనబడుచుండును. దానిని బోర్లించి చూడుడు. అడుగున గోరంత మేర నాలుగైదు చిన్న ముద్రలు వరుసగా నుండును. ఒక సింహము, ఒక మృగము ముఖము, ఒక ఆంగ్లాక్షరము, ఒక రాజు తల, మఱి రెండు పొడి యక్షరములు. వీనిని మనవారు తఱుచుగా నగిషీ యనుకొందురు. కొనవచ్చిన వర్తకుడు చూచియు చూడనట్లు త్రాసులో వేసి, తూకమునకు వెలకట్టి, నాటి రాత్రియే మూసలో కరగించును.

ఆ ముద్రలను చదువ నేర్చినవాడు మాత్రము ఆ వస్తువు ఏ పట్టణమున, ఏ సంవత్సరమున, ఎవరి కొలిమిలో పుట్టినదో, అందు మేలిమి యెంతయో చెప్పగలడు. అన్నదమ్ములు పంచుకొనునప్పుడు ఇరువదేసి తులముల గరిటెలు రెండు త్రాసున సరితూగవచ్చును గాని వెలలో సరితూగ నక్కఱలేదు. ఒకటి తూకపు వెలయే చేయును. రెండవది చేసినవాని పేరును బట్టి దానికి అనేక రెట్లు చేయవచ్చును. ఒకసారి కరగినదానిని మరల తెచ్చుట ఎవరి తరమును కాదు. ఇంగ్లండులో 1642 మొదలు జరిగిన అంతర్యుద్ధకాలమున సిపాయిల జీతములకై ఎన్నో యిండ్ల వెండి కరగిపోయెను. అందుచేతనే 1660కి ముందటి పాత్రలు నేడు మిక్కిలి అరుదు. 1980 జనవరిలో వెండి ధర హఠాత్తుగా ఆకాశమునకు లేచినప్పుడును అనేక దేశములలో పాతసామాను రాసులుగా మూసలపాలయ్యెను. కావున ఈ ముద్రల కథ కొంత విన దగినది.

ముందుగా, ముద్రయే యెందులకు కావలసివచ్చెను? మేలిమి వెండి మెత్తనిది. దానితో చేసిన గరిటె వంగును, పళ్లెము సొట్టపడును. అందుచేత కొంత రాగి కలుపక తప్పదు. చిక్కంతయు ఆ ‘కొంత’ యను మాటలో నున్నది. నూటికి ఏడు పాళ్లు కలిపినను తెల్లగనే యుండును. ఇరువది పాళ్లు కలిపినను, పులుసులో కాచి మెఱుగుపెట్టినచో పైకి తెల్లగనే యుండును. కొన్నవాని కన్ను దానిని పట్టజాలదు. మన దేశమున షరాబును, కంసాలియు గీటురాయిపై గీచి వన్నె చూచెడివారు. అంతకంటె నిశ్చయమైనది పుటము. ఎముకబూడిదతో చేసిన చిన్నగిన్నెలో వెండితునకను సీసముతో కలిపి కాచినచో, సీసమును రాగియు ఆ బూడిదలోనికి ఇంకిపోయి శుద్ధమైన వెండిపూస మిగులును. ముందు తూకమునకును వెనుక తూకమునకును గల భేదమే కలిపిన రాగి. ఈ రెండు పరీక్షలును ఐరోపావారికిని తెలియును. వారు అదనముగా చేసినదేమనగా, పరీక్ష ఫలితమును వస్తువు మీదనే ఉక్కుఅచ్చుతో కొట్టి, ఆ వస్తువు ఏ చేతికి పోయినను సాక్ష్యము వెంట పోవునట్లు చేయుట.

ఇంగ్లండున వాడుకలో నున్న వన్నెకు స్టెర్లింగు అని పేరు. వేయి పాళ్లలో 925 పాళ్లు మేలిమి. అనగా నూఱు తులములలో తొంబదిరెండున్నర తులములు వెండి, ఏడున్నర తులములు రాగి. మన పెద్దలకు తెలిసిన కొలతతో చెప్పవలెనన్న, 1835 నుండి కంపెనీవారును తరువాతి ప్రభుత్వమువారును అచ్చువేసిన రూపాయ తూకము 180 గ్రెయినులు, అందు మేలిమి 165 గ్రెయినులు. పండ్రెండింట పదునొకండు పాళ్లు. స్టెర్లింగు దానికంటె రవంత మెఱుగు. ఆ రూపాయలను కరగించియే మన పల్లెలలో కడియములు, మొలత్రాళ్లు చేయించుకొనిరి. 1940లో రూపాయలో వెండి సగమునకు దిగెను. 1947లో వెండి పోయి నికెలు వచ్చెను. మన భాషలో నాణెమను మాటయు నాణ్యమను మాటయు ఒక్క పుట్టుకవి. ఇంగ్లండులోను ఈ రెంటికిని విడదీయరాని సంబంధమే యుండెను. నాణెము వన్నెయే పాత్ర వన్నె. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

1300వ సంవత్సరమున మొదటి ఎడ్వర్డు రాజు ఒక శాసనము చేసెను. వెండిపాత్ర ఏదియు స్టెర్లింగుకంటె తక్కువ వన్నె గలదై యుండరాదు. శ్రేణి పెద్దలు పరీక్షించి చిఱుతపులి తల ముద్ర వేయనిదే పనివాని చేతినుండి వెలికి పోరాదు. ఇదియే మొదటి ముద్ర. పులి తల యనుచున్నారు గాని చూచినవారికి అది సింహపు ముఖమువలెనే తోచును. అందు తప్పు లేదు. ఆనాటి ఫ్రెంచి బిరుదాంకముల భాషలో మనవైపు ముఖము త్రిప్పి నడచు సింహమునకే ఆ పేరు. రాజచిహ్నమునుండి ఆ తలను తీసికొనిరి.

అయితే వన్నె తప్పిన పాత్ర దొరకినప్పుడు దానిని చేసినవా డెవ్వడు? నే నెఱుగనని ప్రతివాడును చెప్పవచ్చును గదా. అందుచేత 1363లో ప్రతి స్వర్ణకారుడును తనదగు గుర్తును వేయవలెనని శాసించిరి. మొదట చేపయో, నక్షత్రమో, పక్షియో ఉండెడిది. చదువురాని కాలమున అంగడిబొమ్మయే సంతకము. క్రమముగా పేరులోని పొడి యక్షరములు వచ్చెను. ఈ గుర్తులు శ్రేణివారి పుస్తకములలో నమోదగుచుండుటచేత నేడు రెండక్షరములనుబట్టి ఒక మనుష్యుని చరిత్రను త్రవ్వవచ్చును. 1760లో భర్త మరణింపగా ఆయన కొలిమిని చేతబట్టి, 1761లో తన పేరిట గుర్తు నమోదుచేయించుకొన్న హెస్టర్ బేట్‌మన్ అను స్త్రీ యుండెను. ఆమె వ్రాయ నేరనిదని చెప్పుదురు. అయినను ‘హెచ్ బి’ యను రెండక్షరములను గొలుసు వ్రాతలో చెక్కించిన ఆమె ముద్రగల గరిటెలు, కూజాలు నేడు సేకరణదారులు వెదకి కొనుచున్నారు. 1790లో ఆమె విశ్రాంతి తీసికొనువఱకు కొడుకులును కోడలును ఆమె పనిలో నుండిరి.

పనివానిమీది యనుమానము ఇట్లు తీఱెను గాని పరీక్షించువానిమీది యనుమానము ఎట్లు తీఱును? అతడే లంచము తిని తక్కువ వెండికి పులి తల వేసినచో? 1478లో దీనికొక యుపాయము చేసిరి. జీతమిచ్చి ఒక పరీక్షకుని నియమించి, లండనులోని స్వర్ణకార శ్రేణివారి మందిరమునకే సామానంతయు తెచ్చి ముద్ర వేయించుకొనవలెనని కట్టడి చేసిరి. మందిరమును వారు హాలు అందురు. హాల్‌మార్కు అను మాట అక్కడ పుట్టినది. అక్కడ పాత్రయొక్క ప్రతి భాగమునుండియు కొంచెము గీకి తీసి పరీక్షింతురు. వన్నె తప్పినచో పాత్రను నలుగగొట్టి తిరిగి ఇచ్చెడివారు. అదియే సమయమున సంవత్సరాక్షరమును ప్రవేశపెట్టిరి. ఏటేట ఒక అక్షరము మాఱుచుండును. ఫలాని అక్షరమున్న పాత్ర తప్పుదైనచో ఆ యేటి పరీక్షకుడే జవాబుదారి. పాత్ర వయస్సు మనకు తెలియవలెనని వారు దానిని పెట్టలేదు. తమ యుద్యోగిని పట్టుకొనుటకు పెట్టిన యుచ్చు మనకు పంచాంగమైనది.

ఈ యక్షరముల విషయము మనకు అర్థమగుట సులభము. ప్రభవనామ సంవత్సరమున పుట్టితినని ఒకడు చెప్పినచో, ఏ ప్రభవ యని అడుగుదుము. అరువది యేండ్లకొకసారి అది మరల వచ్చును. పాతశాసనములలో శకసంవత్సరము లేక సంవత్సరనామము మాత్రమే యున్నప్పుడు పండితులు పడు చిక్కు ఇదియే. లండనువారి చక్రము ఇరువది యేండ్లది. ‘ఏ’ మొదలు ‘యు’ వఱకు, నడుమ ‘జె’ విడిచి, ఇరువది యక్షరములు. చక్రము తిరిగినప్పుడెల్ల అక్షరపు రూపును, దాని చుట్టునుండు డాలు ఆకారమును మార్తురు. 1660 తరువాత అక్షరము మే నెల 29వ తేదీన మాఱుచుండెను గావున ఒక్కొక్క యక్షరము రెండేసి సంవత్సరముల నడుమ నుండును. 1975నుండి మాత్రము జనవరి మొదటి తేదీకి మార్చిరి.

నాలుగవదైన నడచు సింహము 1544లో వచ్చినది. నాకు ఈ కథలో అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది ఇదియే. ఆ దినములలో ఎనిమిదవ హెన్రీ రాజు యుద్ధవ్యయములకై తన నాణెములోనే రాగి కలుప నారంభించెను. కొలది సంవత్సరములలోనే వెండినాణెమున వెండి మూడవవంతునకు దిగెను. నాణెముమీది రాజుబొమ్మ ముక్కు అరిగి రాగి బయటపడుచుండుటచే జనులు ఆయనకు రాగిముక్కు దొర యని పేరు పెట్టిరి. అంతవఱకు నాణెము వన్నెయే పాత్ర వన్నె యని చెప్పితిని గదా. నాణెమే పాడైనప్పుడు పాత్రమీద ప్రజలకు నమ్మక మేది? ఈ పాత్ర నాణెమువంటిది కాదు, నిజమైన స్టెర్లింగు వన్నెదని చెప్పుటకే సింహము పుట్టినదని చరిత్రకారులు ఊహింతురు. నాణెమును 1560లో ఎలిజబెత్ రాణి చక్కబఱచెను. సింహము మాత్రము నేటికిని నడచుచునే యున్నది.

నూటయేబది సంవత్సరములు గడచెను. అప్పుడు వ్యాధి తలక్రిందైనది. నాణెము మంచిదే, జనులే నాణెముల యంచులు కత్తిరించి, కరగించి, పాత్రలు చేయింప సాగిరి. 1696లో పాతనాణెములన్నిటిని రప్పించి మరల అచ్చువేయవలసి వచ్చెను. ఆ మఱునాడు నాణెములు మరల మూసలోనికి పోకుండ, 1697లో పాత్రల వన్నెను నాణెపు వన్నెకంటె హెచ్చుచేసి, వేయింటికి 958 పాళ్లకు పైగా నుండవలెనని విధించిరి. నాణెమును కరగించినచో పాత్రకు చాలదు, మేలిమి మఱికొంత చేర్చవలెను. అట్లు దొంగకు గిట్టుబాటు తప్పించిరి. ఈ కాలపు పాత్రలకు సింహమును, పులి తలయు ఉండవు; వానికి బదులు కూర్చున్న స్త్రీమూర్తియు, మెడకడ తెగిన సింహపు తలయు ఉండును. ఆ స్త్రీ బ్రిటానియా, దేశమునకు మూర్తీభవించిన రూపము. పనివాని గుర్తున ఇంటిపేరులోని మొదటి రెండక్షరములు ఉండవలెను. ఇట్టి ముద్రలు గల పాత్ర దొరకినచో అది 1697 మొదలు 1720 వఱకు గల కాలపుదిగా మొదట తలంపవచ్చును. మొదట తలంపవచ్చునని యనుటకు కారణము, 1720 తరువాతను ఇష్టమున్నవారు ఆ వన్నెతో పని చేయుచునే యుండుట.

1720లో స్టెర్లింగు తిరిగివచ్చెను గాని దాని వెంట ఔన్సుకు ఆఱు పెన్నీల పన్నును వచ్చెను. పరీక్షకు తెచ్చినప్పుడే పన్ను కట్టవలెను. ఇక మోసము ఒక విద్యయైనది. పనివాడు చిన్న గిన్నెయో, చిన్న పళ్లెమో చేసి మందిరమునకు తెచ్చి, కొద్ది పన్ను కట్టి ముద్రలు వేయించుకొనును. తరువాత ముద్రలున్న బిళ్లను కత్తిరించి, నూఱు ఔన్సుల పెద్ద కూజా అడుగున పొదిగి మాటు వేయును. ఘనమైన పేరున్నవారును దీనికి దూరముగా లేరు. ఫ్రాన్సునుండి మతము కొఱకు వెలివడిన కుటుంబమున 1688లో పుట్టి, లండనున 1713లో తన గుర్తు నమోదుచేసికొని, ఆ శతాబ్దిలోనే అగ్రగణ్యుడని పేరొందిన పాల్ డి లామెరీని, తన సామాను పరీక్షకు తేనందులకు శ్రేణివారు పిలిపించి మందలించిరి. వెండి మాత్రము మంచిదే. అతడు కొన్నవానిని మోసగింపలేదు, రాజును మోసగించెను. ఇట్టివాని యెడల మన తీర్పు కొంత మెత్తబడుట సహజము, చట్టము మెత్తబడదు. అతుకు ముద్రల పాత్రలను ఇంగ్లండులో నేటికిని అట్లే అమ్మరాదు.

అతుకును కనుగొనుట మీ చేతిలోని పనియే. ముద్రలున్నచోట నోటితో ఆవిరి యూదుడు. వెండి యంతయు ఒక్కరీతిగా మబ్బుపట్టి తేటపడవలెను. చుట్టును ఒక సన్నని గీత వేఱు వన్నెతో నిలిచినచో అది మాటు. మఱియొక మోసము, పాతగరిటెను అచ్చుగా పెట్టి క్రొత్త గరిటెను పోతపోయుట. ముద్రలు కూడ పోతలో వచ్చును. కాని నిజమైన ముద్రలను ఒక్కొక్క అచ్చుతో చేత కొట్టుదురు గావున ఏ రెండు గరిటెలపైనను వాని యెడములు, వంకరలు సరిగా ఒక్కటి కానేరవు. ఆఱు గరిటెలపై ముద్రలు వెండ్రుకవాసి తేడాలేక యున్నచో సంతోషింపక సందేహింపవలెను. పోతముద్ర అంచులు మెత్తగా గరుకుగా నుండును. ముద్రలను దొంగిలించుట 18వ శతాబ్ది నడుమ కొంతకాలము మరణదండనకు పాత్రమగు నేరము. 1773 ప్రాంతమున దానిని పదునాలుగేండ్ల ద్వీపాంతరవాసముగా మార్చిరి.

1784లో పన్ను మరల వచ్చినప్పుడు ప్రభుత్వము పాఠము నేర్చుకొన్నది. పన్ను చెల్లినదనుటకు ఏలుచున్న రాజు తలను అయిదవ ముద్రగా వేయించిరి. మొదటి రెండేండ్లు ఆ తల లోనికి పల్లముగను, తరువాత మెట్టగను ఉండును. 1890లో పన్ను తీసివేసినప్పుడు ఆ తలయు పోయెను. తేదీ తెలిసికొనగోరువారికి ఇంతటి యుపకారి మఱియొకటి లేదు. ఇంకొక గుర్తును పట్టుకొనుడు: లండనున 1821 వఱకు పులి తలకు కిరీటముండును, నడచు సింహము ముఖము మనవైపు త్రిప్పి చూచును, ఆ తరువాత పులి కిరీటము పోయినది, సింహము తన దారిన ముందునకు చూచుచున్నది.

ఈ మూడిటిని చేర్చి ‘ఏ’ అక్షరమును చదివి చూతము. అది లండనున 1776, 1796, 1816, 1836, 1856, 1876, 1896 సంవత్సరములలో వచ్చినది. మీ పళ్లెముపై ‘ఏ’ యున్నది, రాజు తల లేదు. అయినచో పన్నుతల పుట్టకముందు 1776 కావలెను, లేదా అది పోయిన పిదప 1896 కావలెను. పులికి కిరీటమున్నదా? 1776. లేదా? 1896. రాజు తలయు, కిరీటమును రెండు నున్నచో 1796 గాని 1816 గాని. పెద్దబడి యక్షరమైన 1796, చిన్నబడియైన 1816. కిరీటములేని పులి, పురుషుని తల యున్నచో 1836. స్త్రీ తల యున్నచో విక్టోరియా రాణి. 1856, 1876 లను అక్షరపు రూపు విడదీయును, మొదటిది గోథిక వ్రాత, రెండవది మామూలు వ్రాత. 1905లో సర్ చార్లెస్ జాక్సను ఈ యక్షరములను, పనివారి గుర్తులను పెద్ద గ్రంథముగా కూర్చినప్పటినుండి పట్టికలు ఎల్లరకు అందుబాటైనవి. పట్టిక లేనివానికి కూడ పైచెప్పిన మూడు గుర్తులు చాలవఱకు దారి చూపును.

లండను మాత్రమే కాదు, ఇతర పట్టణములకును వాని గుర్తులు గలవు. బర్మింగ్‌హాముకు లంగరు, షెఫీల్డుకు కిరీటము. ఈ రెండు పట్టణములకును 1773 వఱకు పరీక్షాశాల లేదు. మాథ్యూ బౌల్టను అను కార్యశూరుడు, తన సామాను దూరముననున్న చెస్టరుకు బండ్లపై పోయి వచ్చులోపల గీకుడుపడి పాడగుచున్నదని పార్లమెంటునకు మొఱపెట్టి సాధించెను. ఆయన పక్షమువారు లండనున కిరీటము-లంగరు అను పూటకూళ్లశాలలో సమావేశమగుచుండుటచే ఆ రెండు గుర్తులను రెండు పట్టణములు పంచుకొనినవని చెప్పుదురు. సముద్రమే లేని యూరికి లంగరు రావలసిన కారణము వేఱొకటి కానరాదు. షెఫీల్డు 1975లో కిరీటము విడిచి గులాబిని తీసికొనెను. ఎడింబరోకు మూడు బురుజుల కోట, 1759 మొదలు దాని వెంట ముండ్లపువ్వు. డబ్లినుకు కిరీటము దాల్చిన వీణ. ఎక్సెటరు, న్యూకాసిలు, చెస్టరు, గ్లాస్గో శాలలు ఒకటొకటిగా మూతపడినవి.

ముద్రలు సరియైనవైనను వస్తువు వానితో పొసగుచున్నదా యని చూడవలెను. గరిటెలకు 1780 ప్రాంతము వఱకు ముద్రలు కాడ మొదట, గిన్నె దగ్గఱ వేసెడివారు. తరువాత కాడ కొసకు మార్చిరి. కూజా మూతపైనను కొన్ని ముద్రలుండవలెను. శరీరముపై నుండి మూతపై లేనిచో మూత తరువాత వచ్చినది కావచ్చును. విక్టోరియా కాలమున పాత సారాయి లోటాలకు కొమ్ములు అతికి నీళ్లకూజాలుగా మార్చుట ఒక వెఱ్ఱి. అట్టి కొమ్ముపై వేఱే ముద్ర లేనిచో పరీక్ష తప్పించుకొన్న వెండి దానిలో నున్నదని యర్థము.

ఇక వెండి కానిదానిని వెండి యనుకొనుట. షెఫీల్డులో థామస్ బోల్సోవరు 1743 ప్రాంతమున రాగిదిమ్మెపై వెండిరేకు వేసి కాచి, రెండును ఒకటిగా రేకుసాగు విధము కనిపెట్టెను. అట్టి పళ్లెముల యంచులలో, ఎత్తుపల్లముల మెట్టలలో అరిగినచోట రాగి ఎఱ్ఱగా కనబడును. 1840లో ఎల్కింగ్‌టనువారు విద్యుత్తుతో వెండిపూత పూయుటకు హక్కుపత్రము పొందిరి. ఈ సామానుపై ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అను నాలుగక్షరములుండును. నికెలు లోహముపై విద్యుత్తుతో పూసిన వెండి యని దాని భావము. కొందఱు తయారీదారులు ఈ యక్షరములనే ఒక్కొక్క చిన్న డాలులో విడివిడిగా కొట్టించి, చూచువానికి హాల్‌మార్కని భ్రమ కలుగునట్లు చేసిరి. సింహమున్నదా యని మాత్రము వెదకుడు. ఇంగ్లండు వెండికి సింహమో బ్రిటానియాయో లేకుండుట అరుదు. మన బజారున జర్మనువెండి యనునది రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. అందు వెండి రవంతయు లేదు. స్టెర్లింగను పూర్తిమాట అక్షరములలో మాత్రమే యుండి సింహము లేకున్నచో తఱుచుగా అమెరికా పని. అక్కడ మందిరపు పరీక్ష లేదు, తయారీదారు మాటయే ప్రమాణము.

మన దేశపు సంగతి దీనికి దగ్గఱగా నున్నది. ఇంగ్లీషువారు రెండువందల యేండ్లు వెండిసామాను ఇక్కడ చేయించిరి గాని పరీక్షాశాల యొక్కటియు స్థాపింపలేదు. కలకత్తాలో హామిల్టను కంపెనీవారు తమ పేరు పొడి యక్షరముల ప్రక్క ఒక ఏనుగును, ఒక ‘ఏ’ అక్షరమును కొట్టిరి. చూచుటకు హాల్‌మార్కువలెనే యుండును. ఆ యేనుగునకు ప్రభుత్వముతో సంబంధము లేదు. భుజ్ నగరపు ఓమర్సీ మావ్జీ ‘ఓ.ఎం.’ అని వేసెను. అతని తీగెల నగిషీ చూచినవాడు అక్షరములు చూడకయే గుర్తుపట్టగలడు. మనకు దగ్గఱదైన చెన్నపట్టణమున మౌంటురోడ్డులోని పి. ఓర్ అండ్ సన్సువారు తమ పేరునే కొట్టిరి. దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తీర్చిన తేనీటి పాత్రలు, పళ్లెములు 19వ శతాబ్దిలో వారి కొలువున నుండి విస్తారముగా వెలువడెను. దొరలు వానిని స్వామిపని యని పిలిచిరి. పాత్ర పై భాగమున కంపెనీ పేరున్నది గాని ఆ మూర్తులను తీర్చిన దేశీయ పనివారి పేర్లు ఎచ్చటను లేవు. లండనున ఒక విధవరాలి రెండక్షరములు నిలిచినవి, చెన్నపట్టణమున అంతటి పనివారి గుర్తు నిలువలేదు. ఇది నాకు కొంత కష్టము గొల్పును.

ఇక్కడి సామాను ఇంగ్లండున అమ్మవలెనన్న అక్కడి పరీక్షకు లోబడి పన్ను కట్టవలసి యుండెను. 1815 నుండి ఆ పన్ను ఔన్సుకు షిల్లింగున్నర. హిందూదేశపు వెండిపనికి ఇది యడ్డమని అక్కడ వాదములు చెలరేగెను. 1890లో పన్ను తొలగుటకు ఆ వాదములును కొంత తోడ్పడినవి. 1867 మొదలు 1904 వఱకు అట్లు దిగుమతియైన వస్తువులపై ఇంగ్లండు ముద్రల ప్రక్క విదేశీయమని తెలుపు ‘ఎఫ్’ అక్షరమును వేసిరి. స్వామిపని పాత్రపై సింహమును, ఎఫ్‌ను కనబడినచో అది సముద్రము దాటి పోయి తిరిగివచ్చినదని తెలియును.

మన ప్రభుత్వమునుండి ముద్ర వచ్చుటకు చాలకాలము పట్టెను. భారతీయ ప్రమాణముల సంస్థవారు 2000లో బంగారమునకును, 2005లో వెండికిని త్రికోణపు గుర్తుతో హాల్‌మార్కును ప్రారంభించిరి. బంగారునగలకు 2021లో పెక్కు జిల్లాలలో దానిని నిర్బంధము చేసిరి. వెండికి 2025 సెప్టెంబరున ఆఱు అక్షరాంకములు గల ప్రత్యేక సంఖ్యతో క్రొత్త ముద్ర వచ్చినది. అది వర్తకుని యిష్టమునుబట్టి వేయించుకొనునదిగా ఆరంభమైనది.

చివరగా ఒక చిన్న మాట. పండుగకు సామాను తోమునప్పుడు విభూతితోనో, ముగ్గుపిండితోనో, చింతపండుతోనో అడుగుభాగమును గట్టిగా రుద్దుట మన యాడవారి యలవాటు. ముద్రలున్న చోటును మెత్తని గుడ్డతో తుడిచి విడువ చెప్పుడు. అరిగిన ముద్రపై పలుచని కాగితము పఱచి మెత్తని పెన్సిలుతో మెల్లగా పూసినచో కంటికి కనబడని గీతలు కాగితమున దిగును. ఆ కాగితమును ఆ పాత్ర తూకముతోను, అది ఇంటికి వచ్చిన విధముతోను కలిపి పెట్టెలోనే వ్రాసి యుంచుడు.